అరుగు మాటలు: అడుగక తెచ్చిన కానుక



గడచిన నెల ఈ యరుగుమీద గూర్చుండి, ధాన్యమునకు పురుగు పట్టకుండ కాపాడుకొను విధములను గూర్చి మాటలాడుకొంటిమి. ఈ నెల ఒక ఆటవస్తువును గూర్చి మాటలాడ దలచితిని. "ఆటవస్తువులతో మన కేమి పని?" యని పుట త్రిప్పివేయకుడు. నేను చెప్పబోవునది టీవీకి తగిలించి ఆడుకొను వీడియో గేమ్ యంత్రమును గూర్చి. దాని వెల మా వంటి యిండ్లలో ఒక మనుష్యుడు పరదేశమున ఎండకు ఎండి సంపాదించిన నెల జీతమునకు ఇంచుమించు సమానము. అంతియ కాదు. దాని మూలమున మా యింట ఒక తండ్రికిని కొడుకునకును నడుమ మూడు మాసముల పాటు మనసిచ్చి మాటలాడుట లేకపోయెను. కావున ఇది పిల్లల సంగతి మాత్రమే యని తలపరాదు.

మాది పెగడపల్లి. 2016వ సంవత్సరపు అక్టోబరులో జిల్లాలు విభజింపబడక పూర్వము కరీంనగరు జిల్లాలో నుండెడిది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలోనిది. ఇటు జగిత్యాల, కోరుట్ల మొదలుకొని అటు సిరిసిల్ల వఱకును గల పల్లెలలో దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ యను పేర్లు చుట్టాల యూళ్ల పేర్లవలె అందఱి నోటను ఆడుచుండును. ఏ వీధి చూచినను ఎవరో యొకరు అచ్చట నున్నవారే. సెలవుమీద వచ్చువారు దళసరి దుప్పట్లును, అత్తరు సీసాలును, ఖర్జూరపు పొట్లములును తెత్తురు. ఇటీవల ఆ పెట్టెలలో పిల్లలకొఱకు ఈ ఆటయంత్రములును వచ్చుచున్నవి.

నా చెల్లెలి భర్త దుబాయిలో లారీ నడుపుచున్నాడు. చెల్లెలును, పదుమూడేండ్ల దాని కుమారుడును మా యింటనే యున్నారు. గత సంవత్సరము బతుకమ్మ పండుగకు మఱిది సెలవుమీద వచ్చి, కొడుకున కెఱింగింపక ఒక యంత్రమును కొని తెచ్చెను. ఆ యంత్రము పేరు గాని, చేసినవారి పేరు గాని నేనిక్కడ చెప్పబోను. ఒక యింటిలో జరిగిన దానికి ఒక వర్తకుని పేరు ముడివేయుట న్యాయము గాదు. చదువరులకు కావలసినదియు పేరు గాదు, దానివలన నేర్చుకొనదగినది.

పెట్టె విప్పిన దినమున మా యింటి సంబర మేమి చెప్పుదును! వీధిలోని మగపిల్లలందఱును మా ముందుగదిలోనే యుండిరి. గడపవద్ద విడిచిన చెప్పులు దాటి పోవుటకు త్రోవ లేదు. గునుగు పూలును తంగేడు పూలును పోసికొనుటకు చోటు లేక మేము వెనుక వసారాకు పోవలసి వచ్చెను. మఱిది గోడ కానుకొని గూర్చుండి, ఆటను గాక కొడుకు ముఖమును చూచుచుండెను. రెండేండ్లు ఆతడు ఆ ముఖమును ఫోనులోని చిన్న యద్దముమీద మాత్రమే చూచినాడు గదా!

పండుగ గడచెను. ఆతడు మరల దుబాయికి వెళ్లెను. తరువాతి సంగతులు నాకు వెంటనే తెలియలేదు. ప్రతి శుక్రవారమును ఆతడు ఫోను చేయును. చెల్లెలు ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుకొనుచు మాటలాడును. "పిల్లవా డాడుచున్నాడా?" యని ఆతడడుగును. "ఆడుచున్నాడు" అని యిది చెప్పును. మొదట పిల్లవాడును వచ్చి రెండు మాటలాడి పోయెడివాడు. పిమ్మట పిలిచినను రాకుండెను. ఒకనాడు మఱిది నన్ను పిలిచి, "వదినా, పిలగాడు నాతోని మాట్లాడుతలేడు. ఎప్పుడు జూసినా ఆ ఆటలనే ఉంటున్నట్టున్నడు. ఆ డబ్బా తెచ్చి నేనే చెడగొట్టిన్నా ఏంది?" అని యడిగెను. ఆ కంఠము విని నా మనస్సు కలగెను.

మఱునాడు ముందుగది తుడుచుచు ఆ యంత్రముమీద కప్పిన గుడ్డ తీసితిని. గుడ్డ క్రిందను, తీగల సందులందును దుమ్ము పేరుకొని యుండెను. రేయింబవళ్లు ఆడుచున్న వస్తువునకు దుమ్ము పట్టునా? అప్పుడు గాని నాకు తెలియలేదు: పిల్లవాడు ఆటలో మునిగి తండ్రిని మఱువలేదు. ఆట విడిచి నెలలైనది. తండ్రికి ఆ మాట చెప్పలేక తప్పించుకొనుచున్నాడు.

బడినుండి రాగానే ప్రక్కను గూర్చుండబెట్టుకొని యడిగితిని. వాడు తల వంచుకొని, "పెద్దమ్మా, బాపు అడిగితే బాగున్నదని చెప్పమంటది అమ్మ. నాకేమో అది మంచిగనిపిస్తలేదు. జగిత్యాలల మా దోస్తుకాడ వేరేది ఉన్నది. గదే మంచిగున్నది. గా మాట బాపుకు ఎట్ల చెప్పాలె?" అనెను. చెల్లెలు లోపలినుండి విని, "ఆయన కష్టపడి తెచ్చినదానికి వంకలు పెట్టుదువా?" యని కసరెను. చెల్లెలి మాటయు తప్పు గాదు. పిల్లవాని బాధయు అబద్ధము గాదు. మన యిండ్లలో చిక్కు లెల్ల నిట్టివే గదా!

నేను వానికొక నోటుపుస్తక మిచ్చి పుటకు నడుమ గీత గీయించితిని. "ఈ వైపున నీ యంత్రము నిజముగా చేయలేని పనులు వ్రాయుము. ఆ వైపున నీ మిత్రుని యంత్రము చూచుటచేత మాత్రమే నీకు తక్కువగా తోచిన సంగతులు వ్రాయుము" అంటిని. వాడు రాత్రి వఱకు గూర్చుండి తొమ్మిది సంగతులు వ్రాసెను. ఆ తొమ్మిదింటిని తేల్చుకొనుటకు నేనును ఈ యంత్రముల కథ తెలిసికొనవలసి వచ్చెను. తెలిసికొన్నకొలది, ఈ యాశాభంగము మా పిల్లవానికి క్రొత్తగా వచ్చినది కాదనియు, ఈ వస్తువులు పుట్టిననాటనుండి యున్నదనియు తోచినది. ఆ విషయము మీకును పనికివచ్చునని చెప్పుచున్నాను.

ఇప్పుడు లోకమున ఈ యంత్రములు చేయుటలో ముగ్గురు ప్రధానులు: జపానుకు చెందిన నింటెండో, సోనీ, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్. ఒకరి యంత్రమునకు చేసిన ఆట వేఱొకరి యంత్రమున పనిచేయదు. కొన్ని యాటలను మూడింటికిని వేర్వేఱుగ చేసి అమ్ముదురు. కొన్నింటిని తమ యంత్రమునకే యట్టిపెట్టుకొందురు. ఒక మాసపత్రికలో వెలువడు నవల వేఱొక పత్రికలో దొరకునా? ఆ నవలకొఱకు ఆ పత్రికనే కొనవలెను గదా! ఇదియు నట్లే. మారియో యను మీసాల మనుష్యుని పెద్ద యాటలను నింటెండో తన యంత్రములకే యుంచుకొన్నది. మైక్రోసాఫ్ట్ వారు 2024నుండి తమ యాటలలో కొన్నింటిని ప్రత్యర్థుల యంత్రములకును ఇచ్చుచున్నారు. కావున పిల్లలు "ఆ యంత్రము మంచిది" యన్నప్పుడు తఱచుగా వారి భావము యంత్రమును గూర్చి గాదు. తోడిపిల్ల లెల్లరును చెప్పుకొను ఆ యొక్క ఆటను గూర్చి.

ఇది పాత సత్యము. 1982లో అమెరికాలోని అటారీ సంస్థ, 'ఈ.టీ.' యను ప్రసిద్ధ చలనచిత్రము పేరిట ఒక ఆటను పండుగ వేళకు అందింపవలెనని అయిదారు వారములలో చేయించినది. చిత్రము పేరు చూచి కొన్నవారు ఆడిచూచి నిరాశ చెందిరి. మిగిలిన సరకులో కొంత న్యూ మెక్సికోలోని అలమొగోర్డో పట్టణము చెంత భూమిలో పూడ్చిరి; 2014లో త్రవ్వి తీసి చూచిరి. ఆ యొక్క ఆటవలననే యని చెప్పరాదు గాని, 1983లో అమెరికాలో ఈ వ్యాపారమంతయు కూలినది. పిల్లవాడు పెట్టెమీది బొమ్మను చూచి కొంతకాలము మోసపోవును. ఆట నీరసమైనచో పెట్టె యెంత మెఱసినను మరల ముట్టడు.

బలముగల యంత్రమే గెలుచు నందుమా? అదియు నిజము గాదు. 2000లో జపానులో వెలువడిన సోనీవారి ప్లేస్టేషన్ 2, ఆ పిమ్మట వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్సు కంటె శక్తియందు తక్కువది. అయినను 16 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఆ మొదటి ఎక్స్‌బాక్సు అమ్ముడుపోయినది ఇంచుమించు 2 కోట్ల 40 లక్షలు. 2006లో వచ్చిన నింటెండో వీ యంత్రము తన తరమువారి ముగ్గురిలోను బలహీనము. కాని చేతి కదలికతోనే ఆడు నేర్పువలన అవ్వలను తాతలను గూడ ఆడించి, 10 కోట్లకు మించి అమ్ముడై తక్కిన రెండింటిని దాటిపోయినది. ఆ సంస్థయే 2012లో 'వీ యూ' అను యంత్రమును తెచ్చెను. అది క్రొత్త యంత్రమో, పాత దానికి తగిలించు పరికరమో జనులకు బోధపడలేదు. ఆటలును తగినన్ని రాలేదు. కోటి 36 లక్షలకు లోపలనే నిలిచిపోయెను. అప్పుడు దానిని కొన్నవారి యిండ్లలో మా పిల్లవానివంటి పిల్ల లెందఱు కినిసిరో! నింటెండో ఆ తప్పు తెలిసికొని 2017 మార్చిలో 'స్విచ్' అను యంత్రమును తెచ్చి, ఆ మూలబడిన మంచి యాటలలో ననేకములను మరల దానిమీదికి తెచ్చినది. చేసినవారు దిద్దుకొనిరి, మునుపు కొన్నవారు మాత్రము మరల కొనవలసి వచ్చినది.

ఈ సందర్భమున మన తెలుగునాట జరిగిన యొక సంగతి తప్పక చెప్పవలెను. 2009లో హైదరాబాదునందలి అరోనా సంస్థవారు చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటయు, అచ్చటిదే యగు గేమ్‌శాస్త్ర సంస్థవారు కబడ్డీ మొదలైన మన యాటలను కూర్చి చేసిన 'దేశీ అడ్డా'యు వెలువడినవి. హనుమంతుని యాట వచ్చినది ప్లేస్టేషన్ 2 కొఱకు. అప్పటికి ప్లేస్టేషన్ 3 పుట్టి మూడేండ్లు కావచ్చినది. అయినను మన దేశపు టిండ్లలో నున్నది పాత యంత్రమే గాన, దానికొఱకే చేసిరి. పక్కింటివాని యంత్రము క్రొత్తదైనంత మాత్రమున మన యింటిది పనికిమాలినది కాదని చెప్పుట కింతకంటె నిదర్శన మేల?

ఇక మా పిల్లవాని యసలు దుఃఖమునకు వత్తును. వాడు వ్రాసిన తొమ్మిదింటిలో అయిదు కేవలము పోలికలు: మిత్రుని యంత్రము రంగు, దాని చేతి పరికరము అదరు తీరు, ఇట్టివి. తానే గీత ఆవలికి వ్రాసికొన్నాడు. తక్కిన నాలుగును న్యాయమైనవి. ఆ నాలుగింటికిని మూలమొకటే: ఆ యంత్రమునకు డిస్కు పెట్టు చోటు లేదు.

దీనిని కొంచెము విపులముగా చెప్పవలెను. వస్తువు కొనునప్పుడు మోసపోవునది ఇక్కడనే. మునుపు ఆటలు డిస్కులమీద, అనగా మనము సీడీ లనువాటిమీద, వచ్చెడివి. నే డనేకులు ఇంటర్నెట్టు ద్వారమున దింపుకొందురు. 2020 నవంబరులో సోనీవారును మైక్రోసాఫ్ట్‌వారును క్రొత్త యంత్రములను తెచ్చినప్పుడు, ఒక్కొక్కరు రెండేసి రకములు తెచ్చిరి: డిస్కు పట్టునది యొకటి, పట్టనిది యొకటి. 2021 ఫిబ్రవరిలో మన దేశమునకు ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు డిస్కు పట్టుదాని వెల 49,990 రూపాయలు. పట్టనిదాని వెల 39,990 రూపాయలు. పదివేలు తక్కువ గదా యని చవకదాని వైపునకే మనసు పోవును. కాని ఆనాడు ఆ యంత్రమునకు వచ్చిన పెద్ద యాట యొక్కటి 4,999 రూపాయలు. అనగా ఆ పదివేల తగ్గింపు రెండు క్రొత్త యాటల వెల. డిస్కయినచో ఆడి ముగించి అమ్ముకొనవచ్చును, మిత్రునితో మార్చుకొనవచ్చును, పాత డిస్కు సగము వెలకు దొరకవచ్చును. దింపుకొన్న ఆట కొన్నవాని లెక్కలోనే యుండును, చేతులు మాఱదు. అయిదారు ఆటలు కొనుసరికి చవక యంత్రమే ప్రియమగును.

రెండవ చిక్కు దింపుకొనుట. ఈనాటి పెద్ద యాటలు 50 మొదలు 100 గిగాబైట్ల వఱకు నుండును. అంతకు మించినవియు కలవు. మా చెల్లెలి ఫోనులో దినమునకు 2 గిగాబైట్లు వచ్చును. ఫోను వేఱొక పని చేయకుండ ఉన్నను 100 గిగాబైట్ల ఆట దిగుటకు ఏబది దినములు! తీగ ద్వారా 10 మెగాబిట్ల వేగముతో వచ్చు ఇంటర్నెట్టయినను ఇంచుమించు 22 గంటలు పట్టును. కరెంటు పోయిన వేళలు వేఱు. ఇట్లు దింపినను యంత్రములో చోటు చాలక, ఒక దానిని తుడిచివేసి గాని మఱియొక దానిని పెట్టుకొనుటకు వీలులేకుండెను. దుబాయి అంగడివాడు ముందే దింపి యిచ్చిన రెండాటలతో పిల్లవాడు రెండు నెలలు గడపినాడు. చూచిన సినిమానే రెండు నెలలు చూచినచో మన కెట్లుండును? జగిత్యాలలోని వాని మిత్రుడు మాత్రము ముగ్గురు స్నేహితులతో డిస్కులు మార్చుకొనుచు క్రొత్త క్రొత్త యాట లాడుచుండెను. డిస్కు గల యంత్రములును ఆటను లోపలికి ఎక్కించుకొనవలెను, దిద్దుబాట్లను ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనవలెను, నిజమే. కాని యింత భారము లేదు.

మూడవది, దూరముననున్న మిత్రునితో కలిసి యాడుటకు అనేకములగు ఆటలయందు ఏటేట చందా కట్టవలెను. యంత్రము కొన్న దినమున ఈ మాట నెవ్వరును చెప్పరు. సిరిసిల్లలో సాంచాలు నడుపు ఇండ్లవారి నడిగి చూడుడు. సాంచా చవకగా దొరకుట గొప్ప గాదందురు. నూలు ఎక్కడినుండి వచ్చును, కరెంటు బిల్లెంత, చెడినచో బాగుచేయువాడు చేరువలో నున్నాడా యని వారు మొదట చూతురు. ఆటయంత్రమునకును ఆ లెక్కయే పనికివచ్చును.

కొన్నవారు నోరు తెఱచి చెప్పినచో వినువా రుండరని తలపకుడు. 2013లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్సు వన్ అను యంత్రమును ప్రకటించి, దాని డిస్కులను ఎరువిచ్చుటకును మారు అమ్ముటకును కట్టుబాట్లు పెట్టబోయిరి. ఆడువారందఱును గగ్గోలు పెట్టిరి. అదే సమయమున సోనీవారు తమ ప్లేస్టేషన్ 4 యందు అట్టి కట్టుబాట్లు లేవనియు, వెల నూఱు డాలర్లు తక్కువయనియు చాటిరి. ఆ జూన్ నెలలోనే మైక్రోసాఫ్ట్ తన కట్టుబాట్లను వెనుకకు తీసికొన్నది. అంతకు మునుపు 2007లో, ఎక్స్‌బాక్సు 360 యంత్రములు ఎఱ్ఱదీపములు చూపి నిలిచిపోవుచుండగా, ఆ సంస్థయే తప్పొప్పుకొని ఆ దోషమునకు మూడేండ్ల హామీ యిచ్చి, వంద కోట్ల డాలర్లకు పైగా వ్యయమును నెత్తిన వేసికొన్నది. నిరాశ నోట రాకుండ మ్రింగుకొన్నచో దిద్దువా రెవరు? కుటుంబములోను ఇంతియే.

ఈ మాటనే చెల్లెలితో ననినాను. "బాగున్నదని చెప్పించుట ఆయన కష్టమునకు మర్యాద యని నీ వనుకొంటివి. ఆయన మాత్రము, తన కానుక కొడుకును చెడగొట్టినదని దుఃఖించుచున్నాడు. లేని దోషమునకు ఏడ్చుటకంటె ఉన్న దోషము వినుట మేలు గాదా?" యంటిని. అది బీడీల చేట ప్రక్కకు నెట్టి చాలసే పూరకుండి, పిమ్మట "శుక్రవారము వానినే మాట్లాడుమనుము, అక్కా" అనెను.

శుక్రవారము వచ్చెను. పిల్లవాడు నోటుపుస్తకము చేత బట్టుకొని గూర్చుండెను. మొదట ఏమి చెప్పవలెనో వానికి నేను చెప్పియే యుంటిని: ముందు తెచ్చినందులకు సంతోషము, పిమ్మట నిజము, తుదకు మన మేమి చేయగలమన్నది. వాడు మొదటి రెండును తారుమారు చేసి చెప్పినాడు; అయినను చెప్పినాడు. "బాపూ, ఇండ్ల సీడీ పట్టదు. ఆటలు దిగుతలేవు. నువ్వు బాధపడుతవని చెప్పలే. అది తెచ్చినవని మస్తు సంతోషమైంది" అనెను. అవతల కొంతసేపు మాట లేదు. చెల్లెలు నా చేయి పట్టుకొన్నది. అటుపిమ్మట మఱిది నవ్వెను. "అరే, ఆడుకుంట ఆడుకుంట నన్ను మర్చినవనుకున్న బిడ్డా! కొట్లోడు డబ్బామీది బొమ్మ చూపిచ్చిండు, నేను ధర చూసిన. నిన్ను అడుగుడు మాత్రం మర్చిన" అనెను.

ఆ నాటినుండి ప్రతి శుక్రవారమును వారిరువురు గంటసేపు మాటలాడుచున్నారు. యంత్రము నమ్మివేయలేదు. మేమును ప్రక్క యింటివారును కలసి తీగ ఇంటర్నెట్టు పెట్టించుకొన్నాము, ఖర్చు చెఱిసగము. రాత్రి పడుకొనుటకు ముందు పిల్లవాడు దింపుకొనుటకు పెట్టును. వెల లేక దొరకు ఆటలును కొన్ని కలవని తెలిసినది. కొనవలసిన యాట యేదైనను తండ్రియు కొడుకును కలిసి ముచ్చటించి, వెల తగ్గు పండుగ దినములకొఱకు కాచుకొందురు. మిత్రుని యంత్రమున నున్న ఆ ప్రసిద్ధమైన యాట దీనికి రాలేదు. దానికొఱకు వాడు సెలవుదినమున జగిత్యాలకు పోయి ఆడి వచ్చుచున్నాడు. ఆ మిత్రుడును ఇక్కడికి వచ్చుచున్నాడు. నిరాశ అంతయు పోయినదని చెప్పను. చేయలేని పనిని ఆ యంత్ర మిప్పుడును చేయలేదు. కాని దానిమీద దుమ్ము మాత్రము లేదు.

ఇట్టి వస్తువు కొనదలచిన తల్లులు ముందుగా ఈ యయిదు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది: ఆడువాడు ఏ యాటకొఱకు దీని నడుగుచున్నాడు, ఆ యాట ఈ యంత్రముమీద వచ్చునా? రెండవది: డిస్కు పట్టునా, వాని స్నేహితుల యొద్ద నున్న యంత్రమునకును దీనికిని డిస్కులు మార్చుకొన వీలగునా? మూడవది: మన యింటి ఇంటర్నెట్టుతో నొక యాట దిగుటకు ఎన్ని దినములు పట్టును? నాలుగవది: కొన్న పిమ్మట ఏడాదికి చందాయు ఆటలును కలిసి ఎంతయగును? అయిదవది: చెడినచో బాగుచేయు హామీ ఏ దేశమున చెల్లును? పరదేశమున కొన్నవస్తువునకు ఈ కడపటి ప్రశ్న మఱింత ముఖ్యము; హామీ కాగితము నచ్చటనే చదివించుకొనవలెను. ఈ యయిదింటికిని సమాధానము దొరకిన పిమ్మట ఏ పేరుగలది కొన్నను అంతగా విచారింప నక్కఱలేదు.

గల్ఫునందున్న మన మగవారికి ఇంటికి వచ్చునప్పుడు చెప్పక తెచ్చి ఆశ్చర్యపఱచుట మిక్కిలి యిష్టము. ఆ సంతోషమును వారికి లేకుండ చేయుమని నే ననను. దుప్పటి తెచ్చుటకు అడుగ నక్కఱలేదు. ఖర్జూరములకు అడుగ నక్కఱలేదు. నెల జీతము పోసి కొను వస్తువును గూర్చి మాత్రము, దానిని వాడబోవువానిని ఒక్కమాట అడుగుమని మీరు ఫోనులో చెప్పుడు. అడిగినంతలో కానుక చిన్నది కాదు.

మీ యిండ్లలోను ఇట్టి యనుభవము లున్నచో నాకు వ్రాయుడు. వచ్చు నెల ఈ యరుగుమీదనే మామిడికాయ తొక్కునకు ఉప్పు పాళ్లను గూర్చి చెప్పుకొందము. అంతవఱకు సెలవు.